తగ్గించి చదివిన పరుగులు

భుజం కాదు, మోచేయి. చుట్టల ఫ్యాక్టరీ హాల్లో అందరూ భుజమే అంటున్నారు, నార్సిసో అయితే చుట్ట చుట్టడం ఆపి తన భుజం పట్టుకుని మరీ చూపిస్తాడు, కానీ ఆదివారం సన్నాహక బేస్‌బాల్ ఆటలో మూడో ఇన్నింగ్స్ నుంచీ నేను చూస్తున్నది ఎరిబెర్తో మోచేతినే. చేయి వెనక్కి వెళ్లేది, వెళ్లి అక్కడ ఒక్క క్షణం ఆలోచించుకునేది. బంతి వేసే పిచర్ చెయ్యి ఆలోచించకూడదు. క్యాచర్ వంపు బంతి అడిగాడు, ఎరిబెర్తో తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ ఊపాడు. ఆ బంతిని చూడటానికే కదా ఒకప్పుడు పక్క ఊళ్ల నుంచి లారీలెక్కి వచ్చేవారు జనం. చివరికి వేశాడు. అది వంగలేదు. బ్యాటు ఎదుటికి వచ్చి, కొట్టమన్నట్టు నిలబడింది. బంతి కంచె దాటాక అతను దాన్ని చూడనేలేదు, టోపీ తీసి లోపలి అట్ట సరిచేసుకున్నాడు. ఆ టోపీ సరిచేసుకోవడం చూసి నాకు తెలిసిపోయింది.

ఇప్పుడు ఆ తెలిసింది అచ్చయి నా ఒళ్లో ఉంది. ఏడు గంటల బస్సులో వచ్చిన జిల్లా పేపరు, చివరి పేజీ. ఈ సీజనుకి జట్టులో ముప్ఫై ఇద్దరు. మొదటి బేస్ దగ్గర తోర్కువాతో అనే ముసలివాణ్ణే ఉంచారు, మోకాళ్లు వంగవు, అయినా బ్యాటు ఇంకా వాడి మాట వింటుంది. కొండల నుంచి కొత్తగా ఒక ఎడమచేతి వాణ్ణి తెచ్చారు, బంతి చాలా వేగంగా వేస్తాడు, ఎక్కడికి వేస్తాడో వాడికీ తెలియదు. పిచర్లు పన్నెండు మంది. పన్నెండు పేర్లూ మూడుసార్లు చదివాను. కింద నుంచి పైకి కూడా చదివాను.

ఎరిబెర్తో లేడు.

వాళ్లమ్మ ఒబ్దూలియా మూడో వరసలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. పొద్దున్న లోపలికి వస్తూనే నా కుర్చీ ఉన్న దిమ్మె దగ్గర ఆగింది.

"మావాడు నిన్న సాయంత్రం దిగాడు, ఎవేలియో. రెండ్రోజులు సెలవిచ్చారంట. లేచి మళ్లీ పడుకున్నాడు. ఆ శిక్షకుడికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది, మనిషన్నాక కాస్త విశ్రాంతివ్వొద్దూ?"

"మంచిదేగా అక్కా," అన్నాను. పేపరు అప్పటికే నా చంకలో ఉంది.

అంటే అతను చెప్పలేదు. ఆ ఇంట్లో చెప్పని మాటని ఎనభై మంది ముందు మైకులో నేను చెప్పాలి. ఈ ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా నా పని అదే. వాళ్లు చుట్టలు చుడుతుంటే నేను దిమ్మె మీద కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదువుతాను. నచ్చితే ఆకు కోసే కత్తిని బల్ల మీద తడతారు. నచ్చకపోతే నేల మీద పడేస్తారు. పేపరు చదివాక జట్టు గురించి నా సొంత మాట పది నిమిషాలు చెప్పడం మొదట్లో లేదు, వాళ్లే అలవాటు చేశారు.

ఆ పొద్దున చెరకు కోతల సంగతి చదివాను, ఓడరేవుకొచ్చిన ఓడల సంగతి చదివాను, వాతావరణం చదివాను. చదివి పేపరు మడిచాను.

నార్సిసో వెంటనే అందుకున్నాడు. "ఏమయ్యా, వాన సంగతి నా మోకాలు చెబుద్ది గానీ, జాబితా ఏదీ?"

"మధ్యాహ్నం చదువుతా."

"ఎందుకూ, ఇంకా పచ్చిగా ఉందా? మగ్గబెడతావా?"

హాలు నవ్వింది. వెనక వరసలో ఎవరో కత్తి నేల మీద పడేశారు. ఆ చప్పుడు నాకోసం మోగడం పదకొండేళ్లలో ఐదోసారి.

"గొంతు బాలేదేమో పాపం, వదిలేయండర్రా," అంది ఒబ్దూలియా తలెత్తకుండానే. "జాబితా ఎక్కడికి పారిపోద్ది? మధ్యాహ్నం చదువుతాడు."

ఆవిడ తొందరపెట్టి ఉంటే బాగుండేది. తొందరపెట్టే మనిషి మీద కాస్త కోపం తెచ్చుకోవచ్చు.

దీనంతటికీ మూలం రెండు సీజన్ల కిందట జరిగిన ఒక పొరపాటు. ఒబ్దూలియా ఆట వినదు. రేడియోలో కొడుకు పేరు రాగానే పెరట్లోకి వెళ్లి బట్టలుతికే తొట్టి దగ్గర కుళాయి తిప్పుతుంది. గెలుపోటములు ఎలాగూ వీధి అరుపుల్లో తెలిసిపోతాయి. మిగతాది మర్నాడు నా నోట వినేది. ఒకరోజు స్కోరు చదువుతూ, ఎరిబెర్తో ఐదు పరుగులు ఇచ్చాడని ఉన్న చోట నా కన్ను వరస తప్పింది. "రెండు" అన్నాను. తప్పు దిద్దుకోబోయి తల ఎత్తాను. ఆవిడ నా వైపు చూస్తోంది. చేతిలో తడి ఆకు అలాగే ఉంది, ముఖం మాత్రం ఎవరో దీపం తెచ్చి దగ్గర పెట్టినట్టుంది. నేను తరవాతి వరసకి వెళ్లిపోయాను.

మిగిలిన మూడు పరుగులు ఎవరో ఒకరు ఇచ్చి ఉండాలి కదా. అతని తరవాత బంతి వేయడానికి వచ్చే ఉబాల్దో ఖాతాలో వేశాను. హాల్లో సగం మందికి పైగా రేడియో విని వచ్చినవాళ్లే. ఎవరూ ఏమీ అనలేదు. ముందుగా నార్సిసో కత్తి తట్టాడు, తరవాత వరస వరసంతా తట్టింది. ఆ తరవాత ఏడు మూడైంది, ఆరు రెండైంది. పాపం ఆ ఉబాల్దో మా హాల్లో రెండేళ్లు తాను ఇవ్వని పరుగులకి తిట్లు తిన్నాడు.

దీన్ని దయ అనుకున్నాను. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుని కూడా అదే అనుకునేవాణ్ణి. కానీ ఇంట్లో నా మాట కోసం ఎదురుచూసే మనిషి లేడు. భార్య మటాన్సాస్‌లో చెల్లెలి దగ్గరికని వెళ్లి తొమ్మిదేళ్లయింది. ఆ ముఖం అలా నా వైపు లేవడం కోసం నేను పేపరు వచ్చే బస్సు దగ్గరికి పది నిమిషాల ముందే వెళ్లి నిలబడుతున్నానని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది. ఎవరి కోసం తగ్గించాను ఆ పరుగులు?

భోజనాల గంట కొట్టగానే సైకిలెక్కి ఒబ్దూలియా ఇంటికి వెళ్లాను. ఆవిడ మధ్యాహ్నం ఇంటికి రాదు, బల్ల దగ్గరే టిఫిను డబ్బా విప్పుకుంటుంది.

ఎరిబెర్తో వసారాలో బల్ల ముందు కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. ఎడమ చేత్తో. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు, పక్కింటి వాళ్లు చూసుకోమని అప్పజెప్పిన వస్తువులాగా.

"రా మావయ్యా. కూర్చో. కాఫీ పెడదామంటే ఒంటి చేత్తో గిన్నె తిప్పలేను, నువ్వే పెట్టుకోవాలి."

"కాఫీకి రాలేదురా."

"తెలుసు. పేపరొచ్చిందా?"

"వచ్చింది."

"ఉబాల్దో ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఉండాలి. బాగా వేస్తున్నాడు." ఒక రాయి తీసి నేల మీదికి విసిరాడు. ఎడమ చేత్తో విసిరితే అది చేతకాని పిల్లాడు విసిరినట్టు పడింది. ఇద్దరం దాన్నే చూశాం.

"అమ్మకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

అతను నవ్వాడు. నవ్వులో కోపం లేకపోవడమే నన్ను కూర్చోబెట్టింది.

"చెప్పలేదనుకుంటున్నావా? పోయినేడు హోల్గిన్ నుంచి వచ్చి ఇదే బల్ల మీద చెయ్యి చాపి చెప్పా. అమ్మా, రాత్రిళ్లు నొప్పికి నిద్ర పట్టట్లేదు, ఈ చెయ్యి అయిపోయిందేమోనని. ఏమందో తెలుసా? 'మూడే పరుగులిచ్చావంటగా, ఎవేలియో చదివాడు. నొప్పున్నోడు మూడే ఇస్తాడా? భయపడుతున్నావంతే, పాలు తాగి పడుకో' అంది."

నేను కూడా బియ్యంలోంచి ఒక రాయి ఏరాను.

"ఏడు పరుగులిచ్చా మావయ్యా హోల్గిన్‌లో. నాలుగో ఇన్నింగ్స్‌లోనే దింపేశారు. బస్సులో ఆరు గంటలు, ఎవరూ నాతో మాట్లాడలేదు. ఇంటికొస్తే మా అమ్మ కోడి కోసి కూర్చుంది. ఇరుగుపొరుగు వాళ్లకి పెడుతోంది, మా వాడు మూడే ఇచ్చాడని. ఇంకేం చెప్తాను? తిన్నాను. రెండేళ్లుగా అలాగే తింటున్నా."

"ఇవాళ నువ్వు చెప్పు. జాబితాలో లేనని చెప్పు. నేను చదివేలోపు."

"నేను చెప్తే నీ పేపరు అడుగుద్ది. నీ మాట ముందర నా మాట నిలబడదు, ఆ ఏర్పాటు నువ్వే చేశావు." మళ్లీ బియ్యం మీదికి వంగాడు. "నిన్ను తిట్టాలని లేదు. మంచికే చేశావు, ఊరందరికీ తెలుసు. కానీ నాకు నొప్పెట్టినప్పుడు మా అమ్మ నాకు కావాల్సొచ్చింది. అంతే."

తిరిగి వస్తుంటే సైకిలు తొక్కుతున్నది నేనేనా అనిపించింది. ఆటని నా అంత జాగ్రత్తగా చూసేవాడు ఈ ఊళ్లో లేడని నా గర్వం. మోచేయా భుజమా అని మూడో ఇన్నింగ్స్‌లోనే పట్టేసినవాణ్ణి. అతను ప్రతి ఆట తరవాతా ఏ ఇంటికి వెళ్తున్నాడో, ఆ ఇంట్లో నేను ముందే వెళ్లి కూర్చుని ఉన్నానని మాత్రం చూడలేదు.

హాల్లోకి వచ్చేసరికి పని గంటకి ఇంకా పది నిమిషాలుంది. ఒబ్దూలియా అప్పటికే పని మొదలుపెట్టింది, చుట్టకి పై ఆకు సాగదీసి పరుస్తోంది. ఆవిడ పక్కన నార్సిసో ముక్కాలి పీట ఖాళీగా ఉంది. పని హాల్లో వాళ్ల పీట మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఇవాళ కూర్చున్నాను.

"అక్కా."

"ఏం, కిందికొచ్చావు? దిమ్మె మీద నల్లులా?"

"నేను చదివిన పరుగులు తప్పు. ఎరిబెర్తోవి. తగ్గించి చదివాను."

ఆవిడ ఆకు పరచడం ఆపలేదు. అంచు సరిచూసి కత్తి పెట్టి కోసింది. వేలితో నునుపు చేసింది. నేను ఇంకా ఏదో చెప్పబోతే అడిగింది:

"హోల్గిన్‌లో ఎన్ని?"

"ఏడు."

"సియెన్‌ఫ్వేగోస్‌లో రెండన్నావు."

"ఆరు."

"ఫిబ్రవరిలో ఇక్కడే, వానొచ్చి ఆగిన ఆట?"

"నాలుగు. ఒకటని చదివాను."

ఒక్కొక్కటే అడిగింది. తారీఖులతో సహా, నేను చదివిన ప్రతి అంకె ఆవిడ దగ్గర ఉంది. పేపర్లు దాచుకున్న నాకు కూడా రెండు చోట్ల తడుముకోవాల్సి వచ్చింది. మే నెల ఆట దగ్గర "అది మార్చలేదక్కా, ఒకటే, నిజంగానే ఒకటే" అన్నాను. ఆవిడ ఆ ఒకటి దగ్గర కాసేపు ఆగింది.

"మరి ఆ ఉబాల్దో?"

"వాడు ఆ పరుగులు ఇవ్వలేదు."

"అయ్యో, వాడి తల్లిని కూడా కలిపి తిట్టాను కదయ్యా." చుట్ట కొసకి జిగురు రాసి అంటించి పక్కన పెట్టింది. ఇంకో ఆకు తీసుకోలేదు. "వీళ్లందరికీ తెలుసా?"

"తెలుసు."

"నార్సిసోకి?"

"ముందు తట్టింది వాడే."

తల ఊపింది. నా వైపు చూడలేదు, తన చేతుల వైపు చూసుకుంది. పొగాకు జిగురుతో వేళ్ల చివర్లు నల్లగా ఉన్నాయి.

"ఐతే చెయ్యి నొప్పని వాడన్నది నిజమే." వేళ్లు నడుము గుడ్డకి తుడుచుకుంది. "పాలు తాగి పడుకోమన్నాను."

"అక్కా, ఇవాళ జాబితాలో..."

"లేడు. తెలుస్తోందిలే, ఇంత సేపూ కూర్చుని లెక్కజెప్పావు." బల్ల మీది ఆకు ముక్కలు ఒక పక్కకి తోసింది. "పొద్దున వాడు కుడి చేత్తో తలుపు తియ్యలేదు. చూశాను. చూసి, పడుకుని లేచాడు కదా, తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను."

గంట మోగింది. జనం నవ్వుకుంటూ లోపలికి వస్తున్నారు. నార్సిసో తన పీట మీద నన్ను చూసి, "ఏంటి, నా ఉద్యోగానికి ఎసరా?" అన్నాడు, తరవాత మా ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయాడు. ఒబ్దూలియా లేచి నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పింది, మడిచి బల్ల మీద పెట్టింది, పక్కనే కత్తి పెట్టింది.

"నన్ను క్షమించమని..." అన్నాను.

"అది తరవాత. నీ మీద కోపం తెచ్చుకోవడానికి ఇప్పుడు నాకు టైము లేదు. వాడు ఒక్కడే ఉన్నాడు." పర్యవేక్షకుడి వైపు తిరిగి, "ఇంటికెళ్తున్నా," అంది. అతను ఎందుకని అడగలేదు.

తలుపు దాకా ఆవిడ నడవాల్సింది హాలు మొత్తం పొడుగునా, బల్లల మధ్య నుంచి. ఒకరి తరవాత ఒకరు చేతులు ఆపి తలలు తిప్పుతున్నారు. రెండేళ్లు ఆవిడ కోసం కత్తులు తట్టినవాళ్లంతా ఇప్పుడు ఆవిడ వీపు చూడబోతున్నారు. ఆవిడ ఇంకా నాలుగో వరస దగ్గరే ఉంది.

నేను దిమ్మె ఎక్కాను. కూర్చోలేదు. మైకు దగ్గరికి లాక్కుని, పేపరు చివరి పేజీ విప్పి, ఎనభై తలలూ నా వైపు తిరిగేంత గట్టిగా మొదటి పేరు చదివాను.