మసి వీపులో ముడి

మూడో గుర్రంలోనూ సరిగ్గా అదే చోట ముడి తగిలేసరికి నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

కుడివైపు, జీను వెనక అంచు ఆనే చోటికి నాలుగు వేళ్ల కింద. పైకి ఏమీ కనిపించదు, వెంట్రుక నున్నగా మెరుస్తూనే ఉంటుంది. అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకుంటే మాత్రం, లోపల ఎవరో తడితాడు ముడేసి మరిచిపోయినట్టు గట్టిగా తగులుతుంది.

మొదట ఎర్రోడిలో దొరికింది. వాడు దుడుకు గుర్రం, గాలికి తలుపు కొట్టుకున్నా ఒళ్ళు బిగించేస్తాడు, కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత మేష్టారిలో. లాయంలోకి ఎవరు వచ్చినా హోంవర్కు అడుగుతున్నట్టు చూసే ముసలి గుర్రం అది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. ఇప్పుడు మసి. ఏడేళ్ల నల్ల ఆడగుర్రం, నడిస్తే ఒళ్ళంతా నీళ్ళలా కదులుతుంది. దానికి ముడి పడడానికి కారణమే లేదు.

మూడింటి మీదా ఎక్కేది ఒక్కడే. నా తమ్ముడు.

అడ్డుకర్రలు దూకే పోటీగుర్రాల లాయంలో మేమిద్దరం పనిచేస్తున్నాం. వాడు రౌతు. నేను ఎనిమిదేళ్లు పేడ ఎత్తి, గడ్డి వేసి, డిగ్రీ చదివింది ఇందుకేనా అని అమ్మ చేత తిట్లు తిని, ఆఖరికి ఆరునెలల కిందట ఒక విద్య నేర్చుకోవడం మొదలుపెట్టాను. గుర్రం ఒంట్లో పేరుకున్న బిగువును చేతులతో విడదీసే విద్య. నేర్పేది దూదమ్మ. ఆ పేరు ఆమె చేతులకి వచ్చింది. నోరు మాత్రం గరుకు కాగితం.

మొదటిరోజు ఎర్రోడి మెడ మీద చెయ్యి వేశానో లేదో, "ఒత్తకు, పిండి పిసకడానికి రాలేదు నువ్వు" అంది. "మరిగిన పాల మీద మీగడ కడుతుందే, అది చిరక్కుండా వేలు పెడితే ఎంత బరువో, అంతే వెయ్యి. దాని కన్ను చూస్తూ ఉండు. రెప్ప కొట్టిన చోట ఆగు."

"ఎంతసేపు ఆగాలమ్మా?"

"నీకు విసుగొచ్చేదాకా. ఆ తర్వాత ఇంకాసేపు."

ఆగాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు ఎర్రోడి కింది పెదవి వదులై వేలాడింది. నాలుక బయటపెట్టి మూతి నాకున్నాడు. ఉన్నట్టుండి పళ్ళన్నీ కనిపించేలా పెద్దగా ఆవులించాడు. వాణ్ణి చూసి నాకూ ఆవులింత వచ్చింది.

"బాగుంది. ఇద్దరికీ ఒకేసారి వదిలింది" అంది దూదమ్మ. ఆరునెలల్లో నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

మసిలో ముడి దొరికిన రోజు ఆమె బస్సు కోసం సంచీ సర్దుకుంటోంది. ఏ గుర్రాలని చెప్పకుండా అడిగాను. "అమ్మా, మూడు గుర్రాలకి ఒకేచోట ముడి పడితే ఏమనుకోవాలి?"

"ముందు జీను చూడు. తర్వాత నాడాలు చూడు. రెండూ బాగుంటే పైన కూర్చున్నవాణ్ణి చూడు." సంచీ భుజాన వేసుకుంది. "పదిరోజుల్లో ఎంపిక పోటీ కదా, ఆ పొద్దున్నే వస్తా. మీ తమ్ముడి గుర్రాల్ని నేనే తడిమి చూస్తా. బాగుంటే ఓనరుతో చెప్పి లాయం నీకప్పగించి, ఇక నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా. బాగోకపోతే అదీ ఆయనతోనే చెప్తా."

జీనులు చూశాను. మూడింటికి మూడు వేరు, మూడూ సరిగ్గా అమిరాయి. నాడాలు కొట్టే మావయ్యని బతిమాలి పన్నెండు కాళ్ళూ ఎత్తించాను.

"నా పనిలో తప్పు పట్టేదాకా వచ్చావటే కోడలా?" అన్నాడు, చివరి డెక్క కింద పెడుతూ. "నాడాలు ముత్యాల్లా ఉన్నాయి. నీ చేతులకే ఏదో అయింది. వేడినీళ్ళలో పెట్టుకో."

అదే నిజమైతే బాగుండునని ఇంటికి వెళ్ళాను.

గుమ్మంలో అమ్మ ఒంటి చెప్పు పట్టుకుని నిలబడి ఉంది. "నీ తమ్ముడు చెప్పులు తింటున్నాడే! ఈ నెలలో ఇది మూడో జత. మళ్ళీ ఎడమదే పోయింది. కుడిది ఎప్పుడూ పోదు. ఆ దొంగెవడో ఒంటికాలి వాడేమో!"

లోపల తమ్ముడు పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాడు మంచం మీద కూర్చుని ఫోన్లో పోటీ జాబితా చూస్తున్నాడు. తొడ మీద ఆనించుకున్న గ్లాసు ఒరిగి, టీ సన్నని ధారగా ఎడమ మోకాలి మీదికి కారుతోంది. పొగలు వస్తున్నాయి. వాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు.

గ్లాసు తీసి కింద పెట్టాను. తలుపు వేశాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"కాలు."

కారిన టీ వంక చూసి, నా వంక చూసి, గొంతు తగ్గించాడు. "ఆ రోజు పడ్డాను చూడు, మూడు నెలల కిందట. లేచి దులుపుకుని నవ్వానే, అప్పటి నుంచి. మొదట్లో తిమ్మిరి. ఇప్పుడు ఒక్కోసారి కాలు ఉందో లేదో తెలీదు. చూసుకుంటే ఉంటుంది."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"వేరే ఊళ్ళో. వెన్నులో పూస జరిగిందట. ఆపరేషన్ చేస్తే బాగవచ్చన్నాడు. ఈలోపు ఇంకొక్కసారి పడితే నడుం కింద ఏమీ ఉండదన్నాడు."

"అంత మాట చెబితే విని, పొద్దున్నే వెళ్ళి మళ్ళీ గుర్రం ఎక్కావా?"

"పదిరోజులక్కా! పన్నెండేళ్ల నుంచి ఈ ఒక్క ఎంపిక కోసం బతికాను. జట్టులో పేరు పడనీ, మర్నాడే కత్తి కింద పడుకుంటా. ఇప్పుడు తెలిసిందంటే ఇక నన్నెవరూ గుర్రం ఎక్కనివ్వరు. పోటీకి ముందు గుర్రాలకి డాక్టరు పరీక్ష ఉంది గానీ మనుషులకి లేదు. నన్ను పట్టించగలిగింది ఒక్క దూదమ్మ చెయ్యే." నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ ముడులు నువ్వు తీసెయ్. తీయగలవు కదా?"

తీయలేనని చెప్పి ఉండాల్సింది. కానీ వాణ్ణి మొదటిసారి గుర్రం మీద కూర్చోబెట్టింది నేనే. అప్పుడు వాడికి ఆరేళ్ళు, నాకు పదమూడు. అదొక్కటే కారణమని చెబితే అబద్ధమవుతుంది. తీయగలవు కదా అని వాడు అడిగితే, నా చేతుల మీద నాకు కొత్తగా పుట్టిన పొగరు ఔనంది.

ఆ మర్నాటి నుంచి అదే పని. వాడు స్వారీ చేసి దిగగానే నేను గుర్రాన్ని లోపలికి తీసుకెళ్ళి, కుడి వీపు మీద చెయ్యి ఆనించి, రెప్ప కొట్టేదాకా ఆగి, ముడి విడదీసేదాన్ని. సాయంత్రానికి పోయేది. మర్నాడు వాడు ఎక్కి దిగగానే మళ్ళీ ఉండేది. మొదటిరోజు గంట పట్టింది. అయిదోరోజుకి వెంట్రుకలు దువ్వినంత సేపు. ఏడోరోజు మసి నా చెయ్యి ఆనగానే ఆవులించింది. ఎనిమిదోరోజు వాడు దిగాక తడిమితే ముడే లేదు. విద్య వంటబట్టిందనుకున్నాను.

గుర్రాలు మాత్రం మారిపోయాయి. వాడు ఎక్కడానికి రాతి దిమ్మ మీద నిలబడితే ఎర్రోడు పక్కకి తప్పుకునేవాడు. మేష్టారు మెడ వెనక్కి తిప్పి వాడి ఎడమ బూటును చూసేవాడు. వాసన చూసి, నిట్టూర్చి, మళ్ళీ ముందుకు తిరిగేవాడు. తొమ్మిదోరోజు సాధనలో మసి ఎత్తైన కర్ర దూకి దిగింది. పైనున్న నా తమ్ముడు బస్తా ఒరిగినట్టు ఎడమకి ఒరిగాడు. జూలు పట్టుకుని ఎలాగో లేచి కూర్చున్నాడు.

"మసి జారింది" అన్నాడు దిగాక.

నేల పొడిగా ఉంది. మసి ఇంతవరకూ ఎప్పుడూ జారలేదు. అలవాటుగా కుడి వీపు మీద చెయ్యి పెట్టాను. మెత్తగా, వెచ్చగా, ఖాళీగా ఉంది.

పోటీ రోజు పొద్దున్నే దూదమ్మ వచ్చింది. పోటీ మా మైదానంలోనే. లాయం బయట మైకులో పేర్లు పిలుస్తున్నారు. ఆమె ఎర్రోణ్ణి తడిమింది, మేష్టార్ని తడిమింది. మసి దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"ఎక్కడా ఏమీ లేదు" అంది కళ్ళు తెరిచి. "నా చేతిలో కూడా ఇంత వదులు కాలేదిది. ఇక లాయం నీదే పిల్లా. ఓనరుతో చెప్పేస్తా."

ఆరునెలలు ఎదురుచూసిన మాట అది. చెవిలో పడిందే గాని లోపలికి దిగలేదు. మసికి జీను వేసి తమ్ముడికి అప్పగించి వచ్చాక కూడా దూదమ్మ అక్కడే గడ్డిమోపు మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది.

"అమ్మా, ముడి తీస్తే గుర్రానికి ఎప్పుడూ మంచే కదా?"

ఆమె రుద్దడం ఆపింది.

"నీకంటే చిన్నప్పుడు నేనొక గుర్రానికి భుజంలో ముడి తీశాను. అందరూ భలే చెయ్యి అన్నారు. ఆ ముడి కింద ఎముక చీలి ఉందని ఎవరికీ తెలీదు. కట్టు కట్టినట్టు దాన్ని పట్టుకున్నది ఆ ముడే. మర్నాడు పరుగులో..." చెయ్యి గాల్లో ఊపి వదిలేసింది. "కొన్ని ముడులు ఆసరాగా పడతాయి. అవి దేన్ని మోస్తున్నాయో తెలుసుకోకుండా తీయకూడదు. ఏం, ఎందుకడిగావు?"

దూకి దిగిన ప్రతిసారీ వాడి బరువు ఎడమకి జారుతోంది. వాడు పడకుండా మూడు గుర్రాలూ కుడి వీపు బిగించి వాణ్ణి మోశాయి. మూడు నెలలు మోశాయి. నేను తొమ్మిదిరోజులు కూర్చుని, ఓపిగ్గా, మీగడ చిరక్కుండా, ఆ మోయడాన్ని వాటి చేత మాన్పించాను.

చెప్పు తెగినా ఆగకుండా పరిగెత్తాను.

మసి గేటు దగ్గరే ఉంది. వాడి ముందు ఇంకొక్క గుర్రమే మిగిలింది. వంతు చూసి రౌతుల్ని లోపలికి పంపే ఆయన కాగితాలు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. నేను కళ్ళెం పట్టుకున్నాను.

"దిగు."

"అక్కా, నవ్వుతూ మాట్లాడు, అందరూ చూస్తున్నారు." వాడి పెదాలు మాత్రమే కదిలాయి. "ఇంకో రెండు నిమిషాలు. బాగానే ఉన్నాను. ఇవాళ కాలు తెలుస్తోంది."

"తెలుస్తోందా?"

"నిజం. నీ మీదొట్టు."

మసి ఎడమ పక్కకి వెళ్ళాను. "అయితే ఆ మొదటి కర్ర మీద నుంచి చూపు తిప్పకు" అన్నాను. వాడు తల ఎత్తి కర్రను చూశాడు. జీనుకి వేలాడే ఇనప రికాబులోంచి వాడి ఎడమ బూటును మెల్లగా బయటికి తీశాను. బూటు గాల్లో వేలాడింది. రికాబు నా పిడికిట్లో ఉంది.

"నీ కాలు రికాబులో ఉందా?"

"ఉందక్కా. ఇక వదులు, పిలుస్తారు."

కాగితాల ఆయన నా చేతిని చూశాడు. వేలాడుతున్న బూటును చూశాడు. రమ్మనడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ఈలోగా దూదమ్మ కుంటుకుంటూ అవతలి పక్కకి చేరింది. మసి కుడి వీపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకుంది.

"పిల్లా, ముడి పడుతోంది" అంది.

మసి నాలుగు కాళ్ళూ నేలలో నాటినట్టు నిలబడింది. చెవులు వెనక్కి తిరిగాయి. దాని ఒళ్ళు కుడివైపు కొద్దికొద్దిగా బిగుసుకుంటూ, పైనున్నవాణ్ణి మధ్యకి లాక్కుంటోంది.

అప్పుడు వాడు కిందికి చూశాడు. నా చేతిలో ఇనుము, దాని పక్కన తన బూటు. చాలాసేపు చూశాడు, అది ఎవరి కాలో గుర్తుపట్టలేనట్టు. మైకులో మా లాయం పేరు పిలిచారు. రెండోసారీ పిలిచారు. కాగితాల ఆయన మైకు వైపు తిరిగి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

వాడు నా మొహం చూడలేదు. ఈ పనికి నన్ను ఎప్పటికైనా క్షమిస్తాడో లేదో నాకు తెలీదు.

"ఎలా దిగాలక్కా?" అన్నాడు.

రికాబు వదిలేసి వాడి కాలిని రెండు చేతులతో పట్టుకున్నాను. మెత్తగా కాదు, నా శక్తంతా పెట్టి. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, నా గోళ్ళు బూటు తోలులో దిగబడ్డాయి. వాడికి అదీ తెలియలేదు.