కంచం కింద ఉండలు

మా మావయ్యగారి మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు. మిగతావన్నీ అలవాటైపోయాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆయన భోంచేసి లేచాక కంచం ఎత్తితే, అంచు కింద నమిలి వదిలేసిన ముక్కలు ఉండలు ఉండలుగా వరసకట్టి ఉంటాయి. చిక్కుడుకాయలైతే నాలుగు, మాంసమైతే ఏడెనిమిది. డెబ్భై తొమ్మిదేళ్ళొచ్చినా తన పళ్ళన్నీ గట్టివేనని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునే మనిషి కనుక, నేను వాటిని తడిగుడ్డతో ఎత్తేసి ఏమీ ఎరగనట్టు ఊరుకునేదాన్ని.

ఆయన నలభై ఏళ్ళు రేసుగుర్రాలకు శిక్షణ ఇచ్చారు. ఆ ధైర్యంతోనే ఇంటి వెనక ఉన్న ఆరెకరాల బీడులో, పని మానేసిన ముసలి గుర్రాలకు బస పెట్టాం. మా ఆయన గేటు మీద ‘విశ్రాంత అశ్వాలకు వసతి’ అని స్వయంగా పెయింటు వేసి, పెద్ద ఆఫీసరు ఇంటి బోర్డులా ఉందని మురిసిపోయారు. సొంతదారులు గుర్రాన్ని మాకు అప్పగించి, వీలైనప్పుడు వచ్చి పలకరించి పోతుంటారు. మొత్తం తొమ్మిది గుర్రాలు. మెడ మీద చెయ్యేస్తే తొమ్మిదీ తొమ్మిది రకాలుగా నిట్టూరుస్తాయి. కళ్ళు మూసుకున్నా ఏది ఏదో నేను చెప్పగలను. ఈ విషయంలో నాకు కొంచెం గర్వం ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పదోది టీచరమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళ తెల్ల ఆడగుర్రం. స్వారీ నేర్పే స్కూల్లో రెండు తరాల పిల్లలకు కిందపడకుండా కూర్చోవడం నేర్పింది కనుక ఆ పేరు. స్కూలు నడిపే ఆవిడ దాన్ని తెచ్చేటప్పటికే పక్కటెముకలు దూరం నుంచి లెక్కపెట్టేలా ఉన్నాయి.

“రెండు నెలలు చూద్దాం. అప్పటికీ ఒళ్ళు చెయ్యకపోతే బాధ లేకుండా పోయే ఇంజెక్షన్ ఇప్పించేస్తాను. ఇలా ఎండిపోతుంటే చూడలేను,” అందావిడ, దాని వైపు చూడకుండా.

మావయ్యగారు టీచరమ్మ పెదవి ఎత్తి, ముందుపళ్ళు చూసి, ఇటుకల్లా ఉన్నాయన్నారు. దీనికి రోగం లేదు, ఉన్నదల్లా పొగరేనని తేల్చేశారు. మంచి ఎండుగడ్డి వెయ్యమన్నారు. వేశాం. మూడు వారాలకు దాని డొక్క ఇంకా లోపలికి పోయింది. ఇంకో మోపు పెంచమన్నారు. అది మాత్రం పాపం, పొద్దస్తమానం నములుతూనే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే దాని కొట్టం ఊడుస్తుంటే తొట్టి కింద గడ్డి ఉండలు కనిపించాయి. తడితడిగా, నమిలీ నమలనట్టుగా, వరసగా. నా చీపురు ఆగిపోయింది. ఈ వరసని నేనెక్కడో చూశాను. నిజం చెప్పాలంటే రోజుకు రెండుసార్లు చూస్తున్నాను.

ఉమ్మేస్తోందని వెళ్ళి మావయ్యగారికి చెప్పాను. “పొగరంటే అదే మరి. నువ్వు పుట్టకముందు నుంచీ గుర్రాల మధ్యే ఉన్నానమ్మాయ్,” అన్నారు.

తర్వాత గిన్నెలు తోముతుంటే ఒక సంగతి తట్టింది. ఆయన చూసిన రేసుల్లో ఎనిమిదేళ్ళు దాటిన గుర్రాన్ని ఉంచుకునేవాళ్ళు కారు. ఆయన నలభై ఏళ్ళ అనుభవంలో ఒక్క ముసలి గుర్రం కూడా లేదన్నమాట. ముసలివాళ్ళకు వండిపెట్టిన అనుభవం నాకు బోలెడంత ఉంది.

మర్నాడు ఒక పాత కంచం తీసుకెళ్ళి కొట్టంలో బల్ల మీద పెట్టి, టీచరమ్మ ఉండల్ని ఏడింటిని ఏరి, కంచం అంచు కింద వరసగా సర్దాను. మావయ్యగారిని పిలిచాను. ఇది ఎందుకిలా చేస్తోందో మీరే చెప్పాలి అని, ఎంత వినయంగా అడగాలో అంత వినయంగా అడిగాను.

ఆయన కంచం ఎత్తారు. చాలాసేపు చూశారు. మళ్ళీ జాగ్రత్తగా, ఎక్కడిదక్కడే పెట్టేశారు.

“డాక్టర్ని పిలవండి,” అన్నారు గోడతో.

పశువుల డాక్టరమ్మ వచ్చి టీచరమ్మ నోరు బార్లా తెరిపించి, టార్చి వేసి లోపలిదాకా చూసింది. పైదవడలో వెనకపళ్ళు రెండే మిగిలాయి. కిందవి నున్నగా అరిగిపోయాయి. గడ్డి ఇక దీనివల్ల కాదు, మెత్తగా నానబెట్టి పెట్టమంది.

ఆవేళ నుంచి గడ్డి గుళికలూ తవుడూ వేడినీళ్ళలో నానబెట్టి, రోజుకు నాలుగు బకెట్ల జావ. మొదటి బకెట్‌లో టీచరమ్మ ముఖం కళ్ళదాకా ముంచేసింది. మావయ్యగారు ఎవరూ అడక్కుండానే కర్ర పట్టుకుని వచ్చి, ఉండకట్టకుండా కలిపేవారు. ఇంట్లో నేను కూరలు ఇంకాస్త ఉడికించడం, మాంసం సన్నగా తరగడం మొదలుపెట్టాను. ఆయన కంచం కింద ఇప్పుడు శుభ్రంగా ఉంటోంది.

రెండు నెలలూ నిండిన రోజున స్కూలావిడ వచ్చింది. టీచరమ్మ బీడు అవతలి చివర నుంచి గేటుదాకా పరుగున వచ్చింది. ఆవిడ దాని పక్కల మీద చేత్తో తడిమింది. ఎముకలు మునుపటిలా చేతికి గుచ్చుకోలేదు. మెడకు ముఖం ఆనించింది. తర్వాత కళ్ళు తుడుచుకుని మావయ్యగారి వైపు తిరిగి, అనుభవమంటే మీదండీ, నలభై ఏళ్ళు ఊరికే పోతాయా అంది.

పొగడ్తను వెనక్కి పంపే అలవాటు ఆయనకు లేదు. నేను బకెట్ కడగడంలో మునిగిపోయినట్టు కనిపించాను. ఆయన కర్రతో నేలమీద రెండుసార్లు తట్టారు.

“నా అనుభవం కాదమ్మా. నేను పొరబడ్డాను. పళ్ళు బాగున్నాయన్నాను, పొగరన్నాను. దానికి దవడపళ్ళు లేవు.” నా వైపు చూశారు. “నాకూ లేవు. మా కోడలికి రెండూ తెలుసు.”