తెల్లబడ్డ చాక్లెట్లు

సెంటినరీ కాలనీలో సంపత్ కిరాణా దుకాణం పెట్టి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో సరుకు బాగాలేదని తిరిగొచ్చింది ఒక్కటీ లేదు. ఈ మే నెలలో మాత్రం పది రోజుల్లో మూడు చాక్లెట్లు తిరిగొచ్చాయి. మూడోది తెచ్చిన ఇంజనీరు భార్య చంద్రమతి రేపర్ విప్పి బల్ల మీద పెట్టింది. పైనంతా బూజు పట్టినట్టు తెల్లటి పొర.

"ఎప్పటి సరుకండీ ఇది? పిల్లలు తినేది, చూసుకోవద్దూ?" అని, వేరేది ఇస్తానన్నా తీసుకోకుండా వెళ్లిపోయింది.

అది బూజు కాదని సంపత్‌కు తెలుసు. చాక్లెట్ ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే అట్లా తెల్లబడుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నది ఎట్లా కరిగింది? కరెంటు పోయి ఉంటే డబ్బాలోనివన్నీ తెల్లబడాలి. ఒకటీ అరా తెల్లబడుతున్నాయంటే ఎవరో బయటికి తీసి మళ్లీ లోపల పెడుతున్నట్టే. పైగా అమ్మకుండానే కొన్ని తగ్గాయి.

తను సరుకుకు గోదావరిఖని పోయినప్పుడు దుకాణంలో కూర్చునేది, బాబాయి వరసలో తను 'కాక' అని పిలిచే పోశం ఒక్కడే. తన తండ్రితో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. తండ్రి పోయాక దుకాణం పెట్టమని ధైర్యం చెప్పింది ఆయనే. ఆయనను అనుమానించడానికి సంపత్‌కు మనసొప్పలేదు. కానీ ఎటునుంచి లెక్క వేసినా ఇంకో మనిషి తేలడం లేదు. ఆ పొద్దున ఫ్రిజ్ తుడుస్తూ, ఈ తలుపు ఈమధ్య తెగ తెరుచుకుంటున్నట్టుందని పైకే అన్నాడు. పోశం పేపర్లోంచి తల ఎత్తలేదు. ఎత్తకపోవడమే సంపత్‌కు సాక్ష్యంలా కనిపించింది.

మధ్యాహ్నం సరుకుకని బయల్దేరి, సగం దారిలోంచే బండి వెనక్కి తిప్పాడు. దుకాణంలో ఎవరూ లేరు. వెనక తమ ఇంటి వైపు నుంచి మాటలు వినిపించాయి.

రేకుల నీడలో పోశం, పక్కన సంపత్ తల్లి సమ్మవ్వ. ఇద్దరికీ షుగర్. ఇద్దరికీ పళ్లు అంతంతమాత్రం. ఎదురుగా ఎండలో గోడ మీద, రేపర్ విప్పని చాక్లెట్ మెత్తబడుతోంది.

"నిన్న లోపల పెట్టేసినం, మొన్న పెట్టేసినం. ఇయ్యాల తిందాం పోశన్నా" అంటోంది సమ్మవ్వ. "నమిలే పనే లేదు. నాలిక మీద ఏసుకుంటె అదే జారుకుంట పోతది. గొంతుల చానసేపు ఉంటది."

"డాక్టర్ తిడ్తడు వదినె. ఇయ్యాల గూడ పెట్టేద్దాం."

సంపత్‌కు లెక్క తేలింది. తగ్గినవి వీళ్లు తిన్న రోజులవి. తెల్లబడ్డవి నోరు కట్టుకున్న రోజులవి.

చెంచా తెచ్చి, రేపర్ విప్పి, మొదట పోశం ముందు పెట్టాడు. ఆయన చెయ్యి చాపలేదు.

"పొద్దుగాల ఆ మాట నన్నే అన్నవ్ గద, సంపత్?"

"నిన్నే అన్న, కాక."

"తీసేది నేను" అంది సమ్మవ్వ. "ఆయన వద్దనేటోడు."

"మరి చెప్పకపోతివి, కాక?"

"మీ అవ్వ పేరు నేను చెప్పాల్నా?"

సంపత్ తల దించుకుని ఆయన పక్కనే కూలబడ్డాడు. "కరిగినదాన్ని మళ్ల లోపల పెట్టకుండ్రి. అది తినుడే. కానీ ఒకటే, ముగ్గురం కలిసి" అని తనే చెంచాతో కొంచెం నోట్లో వేసుకున్నాడు. పదకొండేళ్లుగా అమ్ముతున్నాడే తప్ప ఇట్లా వెచ్చగా ఎన్నడూ తినలేదు. రెండోసారి చెంచా ముంచాడు.

పోశం అతని వైపు అనుమానంగా చూసి చెయ్యి చాపాడు.

"చెంచ ఇటియ్యి. నీది ఎక్కువైతంది."