లేజరుకు పెట్టిన బొట్టు

మా కాలేజీ ఫిజిక్సు ల్యాబులో లేజరు అద్దాన్ని ముట్టుకునే హక్కు ఇద్దరికే ఉండేది. ఒకరు లెక్చరర్ మార్తగారు, రెండోవాణ్ణి నేను, అటెండరు కాశీరావుని. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటే అనుకోండి, నాకేం సిగ్గు లేదు. మా కాలేజీలో ఇంకెవడు ముట్టుకున్నాడో చెప్పమనండి!

ఆ లేజరు యూనివర్సిటీ వాళ్లు రెండేళ్లకని ఇచ్చింది. రోడ్డు మీద లారీ వెళితే చాలు, అదిరిపోయేది. అందుకని హనుమాన్ జంక్షన్ నుంచి పాత లారీ ట్యూబులు తెచ్చి, గాలి కొట్టి, వాటి మీద ఇసుక పెట్టె పెట్టి, ఆ పైన దాన్ని కూర్చోబెట్టాను. గాజు గొట్టం, దానికి అటో అద్దం, ఇటో అద్దం. అందులోంచి వచ్చే ఎర్రటి వెలుగులో కొద్దిపాటి తేడాతో రెండు రకాల అలలు ఉంటాయట. అవి కలిసి, వెలుగును కరెంటుగా మార్చే ఒక డయోడు మీద పడితే రేడియో తరంగం పుడుతుందనీ, దాన్ని రిసీవరులో ఈలగా వినొచ్చనీ మార్తగారు చెప్పారు. మర తిప్పి అద్దాన్ని వెంట్రుకలో వందో వంతు జరిపితే ఈల మారిపోతుంది. వెలుగు చేత ఈల వేయించిన మనిషండీ ఆవిడ!

డెబ్బై ఏడులో దసరా సెలవులు అయిపోయిన రోజు పొద్దున్నే, గడువు తీరిందని యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ పోలరాజుగారు దిగారు. ఈల వినిపిస్తే లేజరు మా దగ్గరే ఉంటుంది. లేకపోతే ఆయన కారులోనే వెనక్కి పోతుంది, దాంతోపాటే మార్తగారి రెండేళ్ల కష్టమూ.

స్విచ్చి వేశారు. గొట్టం వెలిగింది గానీ ఎర్రటి గీత రాలేదు. ఆవిడ మరలు తిప్పి తిప్పి చూశారు. గంట గడిచింది.

"సెలవులకు ముందు బాగానే పనిచేసిందండీ," అన్నారు చెమట తుడుచుకుంటూ. పోలరాజుగారు వాచీ చూసుకున్నారు.

"అద్దానికి ఏదో అడ్డొస్తోంది," అని తనలో తను అనుకున్నారు మార్తగారు.

అప్పుడు తట్టింది నాకు. సెలవులిచ్చే ముందు ఆయుధపూజ చేశాం. వోల్టుమీటర్లకు, రిసీవరుకు, ఆఖరికి తలుపుకు కూడా గంధం, కుంకుమ పెట్టాను. అన్నిటికీ పెట్టి దీన్ని వదిలేస్తానా? గొట్టానికీ అద్దానికీ మధ్య వేలెడు సందులోకి చిటికెన వేలు దూర్చి, సరిగ్గా నడిమధ్యన బొట్టు పెట్టాను. పైకి కనిపించేది కాదు. నా బుద్ధి గడ్డి తింది!

నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, ఆవిడ లేజరు పోతుంది. ఇక ఆ అద్దం జోలికి నన్ను రానివ్వరనుకుంటూనే నోరు తెరిచాను.

"అమ్మా, తప్పు నాదండి. పూజనాడు అద్దానికి బొట్టు పెట్టాను."

పోలరాజుగారు పకపకా నవ్వారు. "లేజరుకు బొట్టేంటయ్యా! దిష్టిచుక్క కూడా పెట్టకపోయావా?"

మార్తగారు నవ్వలేదు, తిట్టనూ లేదు. అసిటోను సీసా, మెత్తటి కాగితాలు నా చేతికే ఇచ్చారు.

"తుడవండి."

ఊపిరి బిగబట్టి, తడికాగితాన్ని అద్దం మీద ఒక్కవైపుకే, ఒక్కసారే లాగాను. ఇంకోటి, మరోటి. మూడోది తెల్లగా వచ్చింది. ఆవిడ మరలు సరిచేశారు. గోడ మీద ఎర్ర చుక్క పడింది. రిసీవరు కూ అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏదో రేడియో స్టేషను తగిలుంటుందిలే," అన్నారు పోలరాజుగారు.

నాకు ఒళ్లు మండింది. వెలుగుకు అరచెయ్యి అడ్డం పెట్టాను. ఈల ఆగింది. చెయ్యి తీశాను. మోగింది. మార్తగారు మర ముట్టుకుంటే ఈల సన్నబడింది, మళ్లీ బొంగురుగా దిగింది. ఆయన మూడుసార్లు నాచేత చెయ్యి అడ్డం పెట్టించి విన్నారు. ఈసారి నవ్వలేదు.

"లేజరు ఇక్కడే ఉంచుకోండమ్మా," అంటూ తనే ఆ మర తిప్పబోయారు.

"ఆగండి సార్," అన్నారు మార్తగారు. "దాన్ని నేనూ, మా కాశీరావుగారూ తప్ప ఎవరూ ముట్టుకోరండి."

ప్రొఫెసరుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.