లింకు బాగుంది

పంపుహౌసుకూ కంట్రోల్ రూముకూ మధ్య లింకు తెగిపోతోందని నెట్‌వర్క్ అమ్మాయి రావడం అది మూడోసారి. ఊరికి నీళ్ళు తోడే మోటార్లను పంపుహౌసులోని కంట్రోలర్ అనే పెట్టె నడుపుతుంది. దూరంగా ఆఫీసులోని కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్ళు దాని బాగోగులు తెర మీద చూస్తుంటారు. వారంలో రెండు మూడుసార్లు, సాయంత్రం పూట, తెర మీది అంకెలు వస్తూ పోతూ పిచ్చెత్తినట్టు ఆడతాయి. కాసేపటికి అంతా మామూలే. ఆ అమ్మాయి వచ్చిన రోజున మాత్రం లింకు బుద్ధిగా ఉంటుంది. డాక్టరు గడప తొక్కగానే తగ్గిపోయే పంటినొప్పి లాంటిదన్నమాట.

మొదటిసారి ఆమె కేబుల్ మార్చింది. రెండోసారి కేబుళ్ళన్నీ కలిసే డబ్బా మార్చి, లైనును మోటార్లకు దూరంగా మళ్ళించింది. పంపులాయన నిచ్చెన పట్టుకున్నాడు, టీ ఇచ్చాడు, కంట్రోల్ రూము వాళ్ళను ఆమెతో కలిసి తిట్టాడు కూడా. పంపులాయన అంటే అక్కడి ఆపరేటరు. ఆయన మోటార్లను చూసుకోవడం కాదు, మోటార్లే ఆయన్ని చూసుకుంటున్నాయని ఆఫీసులో ఎగతాళి.

ఈసారి ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరవలేదు. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్, నేనున్నప్పుడు లింకు పోదు. లేనప్పుడే పోతుంది. నేనుంటే చెయ్యకుండా, లేనప్పుడు మాత్రం మీరు చేసే పని ఏమైనా ఉందా?"

"ఏముంటుందమ్మా, సిగరెట్టు కూడా మానేశాను" అని ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాను దొంగనని తనకే తెలియని దొంగ సంగతి ఇక చెప్పేదేముంది? ఆయన లేచి వెనకగదిలోకి దారి తీశాడు.

ఆ గదిలో పనికిరాని సామానంతా దుమ్ము కొట్టుకుని ఉంది, ఒక్క పాత కంట్రోలర్ తప్ప. దాన్ని మాత్రం ఎవరో గుడ్డతో తుడుస్తున్నట్టుంది.

"దీన్ని అప్పుడప్పుడు ఆన్ చేస్తుంటాను. మోటార్లతో దీనికేం సంబంధం లేదు, ఆ వైర్లు ఎప్పుడో తీసేశారు. ఊరికే కాసేపు చూసి ఆపేస్తాను. చూసినవాళ్ళు నవ్వుతారని, ఎవరైనా ఉంటే ముట్టుకోను."

"మరి నెట్‌వర్క్ కేబులెందుకు?"

"అది పెడితేనే కనిపిస్తుంది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆ అమ్మాయికి. కొత్త కంట్రోలర్ పెట్టినవాళ్ళు పాతదాని అడ్రసే దానికీ ఇచ్చారు. పాతది మూలన పడింది కదా అనుకున్నారు. ఇప్పుడు కంట్రోల్ రూము పలకరిస్తే ఒకే ఇంటి నంబరు నుంచి ఇద్దరు బదులిస్తున్నారు.

"ఒక్కసారి ఆన్ చెయ్యండి బాబాయ్, చూస్తాను."

ఆయన ఆన్ చేశాడు. పెట్టె మీది చిన్న తెరలో లింకు లేదన్న హెచ్చరిక మిణుకుమంది. కేబుల్ పెట్టాడు. కాసేపటికి హెచ్చరిక పోయి, ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి. *లింకు బాగుంది. ఇంటికి రండి.*

అదే క్షణంలో ఆ అమ్మాయి ఫోను మోగింది. లింకు పోయిందని కంట్రోల్ రూము గగ్గోలు. "తెలుసు" అని పెట్టేసి, "ఎవరు రాశారు బాబాయ్?" అని అడిగింది.

"మా ఆవిడ."

ఆవిడ ఈ కంట్రోలర్లకు ప్రోగ్రాములు రాసే ఇంజనీరు. ఇక్కడ మొదట లింకు పెట్టింది కూడా ఆవిడే. అంతకుముందు పొద్దస్తమానం ఎవరో ఒకరు మోటార్ల పక్కన ఉండాల్సిందే. ఇక ఆఫీసు వాళ్ళు చూసుకుంటారు, వెలుగుండగానే మీరు ఇంటికి రావచ్చని ఆవిడ ఎంతో మురిసిపోయింది. ఆఫీసు పలకరిస్తున్నంతసేపూ ఆ మాటలు కనిపించేలా రాసి పెట్టింది.

"నేను నమ్మలేదమ్మా. ఒక తీగను నమ్మి మోటార్లను ఎలా వదిలేస్తాను? రోజూ ఇది రమ్మనేది. రోజూ నేను చీకటి పడ్డాకే వెళ్ళేవాణ్ణి. ఆవిడ పోయాక, ఇది రమ్మంటుంటే చూడాలనిపిస్తుంది. ఆవిడే పిలిచినట్టుంటుంది."

దీని అడ్రసు మార్చాలంటే పాత ప్రోగ్రాము చెరిపెయ్యక తప్పదని ఆ అమ్మాయి చెప్పింది. "అవే మాటలు నేను మళ్ళీ టైపు చేసిస్తాను."

"నువ్వు రాస్తే నువ్వు పిలిచినట్టుంటుంది కదమ్మా."

"పోనీ, పాత కంప్యూటరొకటి తెచ్చి దీనికొక్కదానికే కలుపుతాను. అది పలకరిస్తుంటుంది, ఇది చూపిస్తుంటుంది. ఎవరికీ అడ్డం రాదు."

పంపులాయనకు ప్రాణం లేచొచ్చింది. సరేననడానికి నోరు కూడా తెరిచాడు. కానీ ఆవిడ రాసిన మాట ఆవిడ పెట్టిన లింకు గురించి. ఆ లింకును తెంపుతున్నది తానేనని తెలిశాక ఆ ఆకుపచ్చ అక్షరాల కేసి సూటిగా చూడలేకపోయాడు.

"వద్దులేమ్మా. ఉత్తుత్తి లింకు పెట్టి బాగుందని చెప్పిస్తే ఆవిడకు నచ్చదు. దీన్ని తీసేస్తే అసలు లింకు ఇక పోదు కదా?"

"పోదు."

"నేనిక్కడ లేకపోయినా?"

"మీరు లేకపోయినా పోదు బాబాయ్."

ఆమె చెయ్యి చాపింది గానీ ఆయన అడ్డుకుని కేబుల్ తానే పీకాడు. తర్వాత స్విచ్ ఆపాడు. తెర నల్లబడింది. గుడ్డ తీసుకుని, దుమ్ము లేకపోయినా పెట్టెను ఒకసారి తుడిచాడు.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక అలవాటు కొద్దీ మోటార్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. మోటార్లు నిమ్మకు నీరెత్తినట్టు తమ పని తాము చేసుకుంటున్నాయి. చేతులు కడుక్కుని తాళం వేశాడు. ఇంకా ఎండ ఉంది. వీధిలో ఎదురింటాయన ఆయన్ని చూసి కంగారుపడి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

ఆ వేళకు తన ఇల్లు ఎలా ఉంటుందో పంపులాయన ఎన్నడూ చూడలేదు. ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ కుర్చీ ఉంది. చదువుకోవడానికి వెలుతురు కోసం అక్కడ వేసుకుందనుకునేవాడు. ఆవిడ పోయినా దాన్ని కదపలేదు. ఇప్పుడు అందులో కూర్చుంటే ఎండ నేరుగా కళ్ళలో పడింది. ఆ వెలుతురులో ఎవరూ ఏమీ చదవలేరు. చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి చూశాడు. పంపుహౌసు రోడ్డు మలుపు దాకా కనిపిస్తోంది.