నాలుగో ఫోను

జెద్దాకు ఉత్తరాన, సముద్రం పాయలా నేలలోకి చొచ్చుకొచ్చిన ఓభుర్‌లో అబూ తలాల్ గారి విల్లా ఉంది. ఇంటి వెనక మెట్లు దిగితే చెక్క జెట్టీ. జెట్టీ పక్కన నాలుగు ఇనుప స్తంభాల మధ్య బోటు లిఫ్ట్. చలికాలమంతా తెల్లటి బోటు ఆ లిఫ్ట్ మీద, నీళ్లకు ఎత్తుగా, గుడ్డ కప్పుకొని కూర్చుంటుంది. బడులకు సెలవులిచ్చే వేళకు అది నీళ్లలో తిరగాలి. దానికి ముందు జెట్టీనీ లిఫ్ట్‌నూ సిద్ధం చేయడం తొమ్మిదేళ్లుగా లక్ష్మణ్ పని.

లక్ష్మణ్‌ది జగిత్యాల దగ్గర మల్లాపూర్. నలభై ఏళ్లుంటాయి. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మాట మాత్రం తక్కువ. అతని మీద సూపర్‌వైజరు సాయికుమార్‌ది మెట్‌పల్లి. డిప్లొమా చదివాడు, అరబ్బీ బాగా మాట్లాడతాడు. ఒక్క బోల్టు తన చేత్తో బిగించి ఎరగడు గానీ, తమకు వీసా ఇచ్చిన కఫీల్ అబూ తలాల్ గారి ముందు నిలబడితే స్తంభాలు కూడా తానే పాతినట్టు చెప్పగలడు. లక్ష్మణ్ దాన్ని ఎన్నడూ మనసులో పెట్టుకోలేదు. ఊరి పక్క మనిషి, పోనీలే అనుకున్నాడు. లక్ష్మణ్ చుట్టీకి, అంటే సెలవు మీద ఇంటికి, వెళ్లి వచ్చిన ప్రతిసారీ అక్క ముత్యవ్వ రెండు డబ్బాల మామిడికాయ తొక్కు కట్టి పంపేది. ఒకటి తమ్ముడికి, ఒకటి ‘ఆ మెట్‌పల్లి పిల్లగానికి’.

తల్లి లేని ఇంట్లో లక్ష్మణ్‌ను పెంచింది ముత్యవ్వే. నిరుడు ఇదే రోజుల్లో ఆమెకు మెదడులో నరం చిట్లింది. కరీంనగర్ దవాఖానలో నాలుగు రోజులుంది. సరిగ్గా ఆ వారమే లక్ష్మణ్ జెట్టీ కింద స్తంభాలకు పట్టిన గుల్లలు గీకుతుండగా జేబులోంచి ఫోను జారి నీళ్లలో పడింది. కొత్తది కొనేదాకా ఏమన్నా ఉంటే సాయికుమార్ నంబరుకు చేయమని భార్య పుష్పకు చెప్పి ఉంచాడు.

పుష్ప నాలుగుసార్లు ఫోను చేసింది. మూడుసార్లు సాయికుమార్ ఒకటే మాట అన్నాడు. “పనిమీద ఉన్నడు వదినా, చెప్త.” నాలుగోసారి, “ఆగుండ్రి, పిలుస్తున్న” అన్నాడు. లక్ష్మణ్ లైన్లోకి వచ్చాడనుకొని పుష్ప ఫోనును ముత్యవ్వ నోటి దగ్గర పెట్టింది. ముత్యవ్వ పెదవులు కదిలాయి. ఏదో అంది. గొంతు పైకి రాక పక్కనున్న పుష్పకు కూడా వినబడలేదు. అంతలో ఫోను కట్టయింది. ఆ సాయంత్రమే ముత్యవ్వ పోయింది.

జెట్టీ పని అయిపోయి, కఫీల్ కుటుంబం బోటెక్కి షికారు పోయి వచ్చాక, ఆమె పోయిన మూడో రోజున సాయికుమార్ నెమ్మదిగా వచ్చి చెప్పాడు. “లక్ష్మణ్, మీ అక్కకు బాగ లేదట. ఫోను చేసుకో.” అప్పటికి దహనం కూడా అయిపోయింది.

పుష్పతో మాట్లాడి నాలుగు ఫోన్ల సంగతీ తెలుసుకున్నాక, “నాలుగో ఫోన్ల అక్క ఏమన్నది?” అని లక్ష్మణ్ సాయికుమార్‌ను అడిగాడు.

“సిగ్నల్ లేకుండె. ఎవలు మాట్లాడలే.”

లక్ష్మణ్ ఆ మాట నమ్మలేదు. విమానమెక్కి ఊరికీ పోలేదు, పోయి చూసేది ఏముంది గనక! కానీ ఆనాటి నుంచి సాయికుమార్ కనబడ్డప్పుడల్లా అతని చెవివైపు చూసేవాడు. అక్క ఆఖరి మాట ఆ చెవిలో పడింది. ఈ చెవిలో పడనివ్వలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే అదే గుర్తు. నమస్తే సారూ అంటుంటే అదే గుర్తు. ఏడాదిపాటు లక్ష్మణ్ ఆ పగను ఎవరికీ చూపించకుండా, చల్లారనివ్వకుండా దాచుకున్నాడు.

ఈ ఏడు మళ్లీ జెట్టీ పని వచ్చింది. బోటును దించి పక్కన కట్టేశారు. లక్ష్మణ్ చెక్కపలకలన్నీ తొక్కి చూసి, పుచ్చినవి మార్చాడు. స్తంభాలు గీకాడు. బోటు కూర్చునే దూలాలకు కొత్త తివాచీ గుడ్డ తొడిగాడు. గిలకలకు గ్రీజు పెట్టాడు. చివరికి లిఫ్ట్ దూలాన్ని నాలుగు మూలలా పట్టి ఎత్తే స్టీలు తాళ్ల దగ్గరకు వచ్చాడు. మూడు బాగానే ఉన్నాయి. వెనక ఎడమ మూలది కింద కట్టు దగ్గర ఉప్పు తినేసి, పోగులు తెగి ముళ్లలా పైకి లేచి ఉన్నాయి. చేత్తో తడిమితే గ్లవ్జుకు గుచ్చుకున్నాయి.

మిగతా ఏళ్లలో అయితే ఆ సాయంత్రమే డ్రైవరు ఇస్సాక్‌తో కారులో జెద్దా పాత బజారు బలద్‌కు పోయి, ఓడసామాన్ల దుకాణాలన్నీ తిరిగి, ఎక్కడో ఒకచోట తాడు పట్టుకొచ్చి మార్చేవాడు. సాయికుమార్‌కు తెలిసేది కూడా కాదు. ఈసారి లక్ష్మణ్ చాలాసేపు ఆ తాడును చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి చేతులు కడుక్కొని సాయికుమార్ దగ్గరకు పోయాడు.

“సారూ, ఎనుక తాడు తెగేటట్టున్నది. మార్వాలె.”

సాయికుమార్ ముఖం మాడింది. చలికాలంలోనే కొత్త తాళ్లు తెప్పించమని కఫీల్ చెప్పి ఉన్నాడు. తెప్పించానని ఇతను చెప్పి ఉన్నాడు. తెప్పించలేదు, మరిచిపోయాడు.

“గిప్పుడా చెప్పేది? గురువారం కఫీల్ వచ్చి చూస్తనన్నడు. గ్రీజు దట్టంగ పెట్టి పైన నల్లటేపు చుట్టు. వచ్చే నెల మారుద్దం.”

“బరువు ఆపదు సారూ.”

“నువ్వేమన్న ఇంజనీర్‌వా? చెప్పింది జెయ్యి.”

“జేస్త. కని నాకు మతి ఉంటలేదు సారూ ఈ నడుమ. ఏమేం జెయ్యాల్నో వాయిస్ మెసేజ్ పెట్టుండ్రి. ఇనుకుంట జేస్త.”

సాయికుమార్ విసుక్కుంటూ తన గదిలోకి పోయి మెసేజ్ పెట్టాడు. ‘వెనక తాడు పాడైంది నాకెరుకే, మార్చే పని లేదు, టేపు చుట్టు, కఫీల్‌కు కనబడొద్దు’ అని అతని గొంతే స్పష్టంగా వినబడింది. లక్ష్మణ్ రెండుసార్లు విన్నాడు. తర్వాత చెప్పింది చెప్పినట్టే చేశాడు. టేపు ఎంత నున్నగా చుట్టాడంటే, ఆ తాడు నాలుగింటిలోకీ కొత్తదిలా కనబడింది.

గురువారం సాయంత్రపు అసరు నమాజు తర్వాత అబూ తలాల్ గారు జెట్టీ మీదకు వచ్చారు. వెంట డ్రైవరు ఇస్సాక్ నీళ్ల సీసాల పెట్టె మోసుకొచ్చాడు. ఇస్సాక్‌ది కడప. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లోనే ఉన్నాడు. బోటును లిఫ్ట్ దూలాల మధ్యకు తెచ్చి సరిచేశారు. రిమోటు లక్ష్మణ్ చేతిలో ఉంది. బోటును ఎత్తి చూపించడమే మిగిలింది.

అప్పుడు సాయికుమార్ ఎవరూ అనుకోని పని చేశాడు. కఫీల్ చూస్తున్నాడని హుషారు పుట్టి, ఒక్క అంగలో బోటులోకి దూకి వెనకభాగాన నిలబడ్డాడు. సరిగ్గా ఆ తాడు పక్కనే. “యల్లా లక్ష్మణ్, లేపు!” అన్నాడు నవ్వుతూ.

లక్ష్మణ్ బొటనవేలు బటన్ మీద ఉంది.

అతను అనుకున్నది బోటు పోవాలని, దాంతో సాయికుమార్ పరువూ ఉద్యోగమూ పోవాలని. మనిషి పోవాలని అనుకోలేదు. కానీ ఇప్పుడు మనిషే వచ్చి నిలబడ్డాడు. బటన్ నొక్కమన్నదీ అతనే. తెగిన తాడు కొరడాలా కొడితే మెడ నిలవదని లక్ష్మణ్‌కు తెలుసు. అడిగేవాడు లేడు, సాక్ష్యానికి సాయికుమార్ గొంతే ఉంది. ఒక్క క్షణం అతని ఒళ్లంతా నొక్కు నొక్కు అంది. ఆ క్షణం నిజంగానే ఎంతో తియ్యగా ఉంది.

“దిగుండ్రి సారూ” అన్నాడు ఆఖరికి. బటన్ మీంచి వేలు తీశాడు.

“లేపుమంటే నీకు ఇనబడ్తలేదా?”

“మీరు దిగితెనే లేపుత.”

కఫీల్ ముందు కూలీవాడు ఎదురు చెప్పేసరికి సాయికుమార్ ముఖం ఎర్రబడింది. బోటులోంచి జెట్టీ మీదకు దూకి, లక్ష్మణ్ చేతిలోని రిమోటు లాక్కున్నాడు. “పక్కకు జరుగు. పని నేన్ జూపిస్త” అంటూ తానే బటన్ నొక్కాడు.

మోటారు మూలిగింది. బోటు నీళ్లలోంచి కారుతూ పైకి లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు. తుపాకి పేలినట్టు చప్పుడైంది. వెనక ఎడమ మూల ఒక్కసారిగా కూలింది. తాడు గాలిలో ఈలవేస్తూ వచ్చి సాయికుమార్ నిలబడ్డ చోటి నుంచి అంగ దూరంలో జెట్టీ పలకను చీల్చింది. బోటు పక్కకు ఒరిగి, స్తంభాన్ని గుద్దుకొని, పొట్ట చీలి నీళ్లలో పడింది.

ముందుగా నోరు తెరిచింది సాయికుమారే. వేలు లక్ష్మణ్ వైపు చూపిస్తూ అరబ్బీలో గబగబా చెప్పాడు. వీడే కట్టాడు, వీడే చూశాడు, తాడు పాడైందని నాకు ఒక్కమాట చెప్పలేదు అని.

లక్ష్మణ్ ఫోను తీసి ఆ వాయిస్ మెసేజ్ వినిపించాడు. జెట్టీ మీద సాయికుమార్ గొంతు తెలుగులో మోగింది. అబూ తలాల్ గారికి అర్థం కాలేదు. ఇస్సాక్ వైపు తిరిగి, ఏమంటున్నాడని అడిగారు.

ఇస్సాక్ ఇబ్బందిగా ఇద్దరినీ చూశాడు. ఇద్దరితోనూ కూర్చుని తిన్నవాడు. “అల్లా మీద ఆన, అబద్ధమైతే చెప్పలేనబ్బా” అని సాయికుమార్‌తో మెల్లగా అని, మాట మాటా అరబ్బీలో చెప్పాడు.

పెద్దాయన కేకలు వేయలేదు. చీలిన బోటు వైపు చూసి, తన మనవలు రేపు అందులో ఎక్కవలసిన వాళ్లని మాత్రం అన్నారు. తర్వాత సాయికుమార్‌తో రెండే ముక్కలు. “ఖలాస్. ఖురూజ్.” అంటే పని అయిపోయింది, ఇంటికి పో.

మెట్లెక్కుతుంటే ఇస్సాక్ లక్ష్మణ్‌ను పక్కకు లాగాడు. “ఆ తాడు తెగుతాదని నీకు ముందే తెల్సు. బలద్‌కు పోదాం రమ్మని నాతో ఎందుకు చెప్పలేదప్పా?”

“చెప్పబుద్ధి గాలే.”

ఇస్సాక్ అతని కళ్లలోకి చూసి, కారు దగ్గరకు పోయాడు.

కాగితాలు తయారవడానికి వారం పట్టింది. వెళ్లే రోజు పొద్దున సాయికుమార్ గదిలో పెట్టె సర్దుకుంటుంటే లక్ష్మణ్ వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. ఏడాదిగా ఈ ఘడియ కోసమే బతికాడు. ఎందుకు చేశాడో చెప్పాలి. విని అతని ముఖం ఎలా మారుతుందో చూడాలి.

“సాయీ” అన్నాడు. ఇక సారు లేడు. “మా అక్క కోసం జేసిన. నాలుగు ఫోన్లొస్తె నాకు చెప్పలే నువ్వు. జెట్టీ పని ఆగుతదని.”

సాయికుమార్ చొక్కా మడత ఆపి చూశాడు. “ఏ అక్క? ఏం ఫోన్లు?”

లక్ష్మణ్ అతని ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో భయం లేదు, సిగ్గు లేదు, గుర్తు కూడా లేదు. తాను ఏడాదంతా నిద్రలేకుండా మోసింది ఇతనికి ఒక్క రోజు బరువు కూడా కాలేదు. తొక్కు డబ్బా పంపిన అక్క అని చెప్పాడు. కరీంనగర్ దవాఖాన అని చెప్పాడు. నాలుగోసారి ఫోను ఆమె నోటి దగ్గర పెట్టారని చెప్పాడు. చెబుతున్నకొద్దీ తన గొంతు తనకే అడుక్కుంటున్నట్టు వినబడింది.

“ఏమో, ఎన్ని ఫోన్లొస్తయ్ రోజుకు. గా ముచ్చటకు నా నౌకరి తీసినవా?” అని సాయికుమార్ పెట్టె మూసేశాడు.

ఇస్సాక్ అతన్ని విమానాశ్రయానికి తీసుకుపోయాడు. మధ్యాహ్నం లక్ష్మణ్ ఒక్కడే లిఫ్ట్ దగ్గర కొత్త తాళ్లు ఎక్కిస్తున్నాడు. నాలుగూ కొత్తవే. చేతులు పనిచేస్తున్నాయి గానీ మనసు ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. గెలిచినట్టు లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని కొట్టి వచ్చినట్టుంది.

ఫోను మోగింది. సాయికుమార్.

“బోర్డింగ్ అయితున్నది” అన్నాడు. వెనక ఏవో ప్రకటనలు వినబడుతున్నాయి. “పొద్దుగాల మతికి లేదన్న. అబద్ధం. అన్నీ మతికున్నయ్. నువ్వు గుమ్మంల నిలబడ్డప్పుడే అర్థమైంది, నీక్కావల్సింది నా నౌకరి గాదని.”

లక్ష్మణ్ స్పానర్ కింద పెట్టాడు.

“సిగ్నల్ మంచిగనే ఉండె. మీ అక్క మాట్లాడింది. నేననుకొని గాదు, నువ్వే అనుకొని మాట్లాడింది. చిన్న మాట. నేన్ ఇన్న.”

“ఏమన్నది?”

అవతల ఫ్లైట్ ప్రకటన ఒకటే మోగుతోంది.

“సాయీ, ఏమన్నది? నీ కాళ్లు మొక్కుత, చెప్పు.”

“కూడు లేకుండ జేసినవ్ నన్ను. మా పిల్లలకు ఏమని చెప్పాల్నో ఎరుక లేదు. ఇగ నువ్వు గూడ ఎరుక లేకుండ ఉండు” అని సాయికుమార్ ఫోను పెట్టేశాడు.

లక్ష్మణ్ మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు. స్విచాఫ్ అని అరబ్బీలో, తర్వాత ఇంగ్లీషులో వస్తోంది. జెట్టీ మీద ఎండ మండిపోతోంది. చేతులకున్న గ్రీజు ఫోనంతా అంటింది. అతను ఏడవలేదు. పళ్లు బిగించి, మిగిలిన రెండు తాళ్లూ ఎక్కించి, లిఫ్టును ఖాళీగా మూడుసార్లు ఎత్తి దించి చూశాడు. సరిగ్గా ఉంది.

సాయంత్రం కఫీల్ ముందుకు పోయి చుట్టీ అడిగాడు. పెద్దాయన ఆశ్చర్యపోయారు. ఇప్పుడు అన్నీ నువ్వే చూసుకోవాలి, సూపర్‌వైజరును చేద్దామనుకుంటున్నానని ఇస్సాక్ చేత చెప్పించారు. లక్ష్మణ్ తల అడ్డంగా ఊపాడు. ముందు చుట్టీ కావాలన్నాడు, పదిహేను రోజులు చాలన్నాడు.

బయటికొచ్చాక ఇస్సాక్ అడిగాడు. “ఇంటికాడ ఏందప్పా అంత తొందర?”

“మెట్‌పల్లికి పోవాలె.”

“పోయి ఏం జేస్తావు?”

సాయికుమార్ ఇంటి తలుపు తట్టి, చేతులు జోడించి అడుగుతాడో, గల్లా పట్టి గోడకేసి కొడతాడో లక్ష్మణ్‌కే తెలియదు. రెండూ చేయాలని ఉంది.

“అడుగుత” అన్నాడు చివరికి. “చెప్పెదాంక ఆడనే కూసుంట.”