దిగుమతి చేసుకున్న ఆదివారాలు

లిఫ్టులు బాగుచేసే మనిషికి తెరుచుకోని తలుపులు కొత్త కాదు. కానీ ఆ ఆదివారం పొద్దున మొరాయించింది తన కూతురున్న ఇంటి తలుపు. బెల్లు నొక్కీ నొక్కీ విసుగొచ్చాక పక్కింటావిడ తల బయటపెట్టి, "ఆదివారాలు వాళ్లు ఇంట్లో ఉండరండీ," అని జాలిగా చూసింది. ఆ జాలికి అతనికి ఒళ్లు మండిపోయింది.

భార్యా అతనూ విడిపోయినప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నారు. ఫోనెత్తితే మూడో మాటకే నిప్పు రాజుకునేది కాబట్టి ఇక మాటలే వద్దనుకున్నారు. అతను పాపను చూసే రోజులన్నీ కంప్యూటర్ క్యాలెండర్లో ఉంటాయి, ఏం మారినా అందులోనే మారుతుంది. మహా తెలివైన ఏర్పాటని వకీలు కూడా మెచ్చుకున్నాడు. ఆమె తన ఆఫీసు ప్రోగ్రాంలో రోజులన్నీ పెట్టి ఫైలు పంపింది. అతను దాన్ని తన డ్యూటీలు చూసుకునే వేరే ప్రోగ్రాంలోకి ఎక్కించుకున్నాడు. ఆదివారం ఆదివారానికీ ఒక ఆకుపచ్చ గడి. వారమంతా గ్రీజు మరకలతో లిఫ్టు గుంతల్లో నడుం వంచినా, ఆ గడి చూసుకుంటే ప్రాణం లేచొచ్చేది.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాతే తాళాలు ఎదురయ్యాయి. అడిగితే చులకనైపోతానని అతను అడగలేదు. పళ్లు నూరుకుంటూ వెనక్కి తిరిగి వచ్చేవాడు. ఈసారి మాత్రం ఉండబట్టలేక తిన్నగా అక్కావాళ్ల ఇంటికి వెళ్లాడు. బావ ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకుంటాడు.

"కావాలనే తాళం వేసుకుపోతోంది బావా! ఇదిగో, ఆదివారమని రాసిపెట్టి ఉంది, నువ్వే చూడు."

బావ కళ్లజోడు పైకి తోసుకుని ఫోను అటూ ఇటూ తిప్పాడు. "ఈ ఫైలు ఎప్పుడు ఎక్కించావు?"

"ఆ రోజే. వకీలు గదిలోనే."

"ఆ తర్వాత?"

"తర్వాత ఎందుకు? ఒకసారి ఎక్కించాక, అక్కడ మారితే ఇక్కడ మారదా?"

బావ నవ్వబోయి, బావమరిది మొహం చూసి ఆగిపోయాడు. "మారదురా. ఇలా ఫైలు ఇంపోర్ట్ చెయ్యడమంటే ఆ రోజుకి ఫోటో తీసుకున్నట్టే. తర్వాత తను అక్కడ తలకిందులు చేసినా నీ ఫోనుకి చీమ కుట్టినట్టయినా ఉండదు."

బావ ఇక ఆగకుండా తన ఫోనులోంచి ఆమెకే చేసి, ఇద్దరికీ వినపడేలా పెట్టాడు.

"చెల్లెమ్మా, పాపను చూసే రోజులేమైనా మార్చావా?"

"ఎప్పుడో మార్చానన్నయ్యా. పాపకి ఆదివారాలు ఈత క్లాసులు పెట్టారు, అందుకని శనివారాలకి జరిపాను. ప్రతి శనివారం బూట్లు వేసుకుని కింద మెట్ల మీద కూర్చునేది. చీకటి పడ్డాక నేనే లోపలికి లాక్కొచ్చేదాన్ని. ఆయన ఒక్కసారి వస్తే ఒట్టు."

"మరి ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా తల్లీ?"

"ఫోన్లు వద్దనుకున్నాం కదన్నయ్యా," అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు, ఒట్టి అలసటే ఉంది.

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పాప మెట్ల మీద కూర్చున్న సాయంత్రాల్లో తను ఇంట్లో కాళ్లు బారజాపుకుని, మర్నాటి కోసం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉన్నాడు. తప్పు ఎవరి మీదికి తోయాలో తెలియక అతనికి ఏడుపొచ్చింది.

బావ జరిగిందంతా ఆమెకి విడమరిచి చెప్పాడు. పాపకి తనే చెప్తానంది ఆమె, కొత్త ఫైలు పంపింది. అది ఎక్కించేసరికి పాత ఆదివారాలు అలాగే ఉండి, పక్కన శనివారాలు చేరి, నెలంతా గజిబిజి అయిపోయింది. బావ విసుక్కుంటూ అన్నీ చెరిపేసి, ఫైలు కాదు, లింకు పంపమన్నాడు. లింకైతే అక్కడ మారిందల్లా ఇక్కడా మారుతుంది. లింకు వచ్చింది. శనివారాలన్నీ బుద్ధిగా వరసలో కూర్చున్నాయి.

"ఈ శనివారం తెల్లారగానే వెళ్తాను బావా. అది నిద్ర లేచేసరికి గుమ్మంలో ఉంటాను," అన్నాడతను. చాలా రోజులకి మొహం విప్పారింది.

"వెళ్దువుగాని. ముందిది నేర్చుకో. ఇక్కడ నొక్కావంటే తను మార్చినవన్నీ వచ్చేస్తాయి," అంటూ బావ నొక్కి చూపించాడు.

వచ్చే శనివారం గడి మాయమైంది.

"అదేంటి బావా?"

బావ మళ్లీ నొక్కాడు. ఆ తర్వాతి శనివారమూ లేదు. ఇంకోసారి నొక్కితే నెల మొత్తం ఖాళీ అయింది. ఈలోపు బావ ఫోనుకి ఆమె మెసేజ్ వచ్చింది. అతను వంగి చదివాడు. "అంతా చెప్పాను అన్నయ్యా. నాన్న తప్పు లేదని కూడా చెప్పాను. 'అర్థమైందమ్మా, కానీ ఇంక నేను ఎదురుచూడను' అంది. తనే పక్కన కూర్చుని ఒక్కోటీ తీసేస్తోంది. ఆపడానికి నాకు నోరు రాలేదు."

అతను తన ఫోను మళ్లీ బావ ముందుకి తోశాడు. "కాదు బావా, లింకు తెగిపోయి ఉంటుంది. ఇంకోసారి సరిగ్గా చూడు."

బావ చూశాడు. చాలాసేపు, చూడాల్సిందేమీ లేకపోయినా, చూస్తూనే ఉండిపోయాడు.

"తెగలేదురా," అన్నాడు చివరికి. "బాగా పనిచేస్తోంది."